నిదానం టీచరు, ఉప్పు మిషను

ఎద్దులాంటి మనిషి నీళ్లలోంచి పైకొచ్చి, ఒంటి మీంచి నీళ్లు కారుతుండగానే మా ఆడపడుచు ముందు నిలబడి కేకలు మొదలుపెట్టాడు. ఈత కొలను చుట్టూ బెంచీల మీద ఉన్నవాళ్లు తల తుడుచుకోవడం ఆపి చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. దెబ్బలాట మధ్యలో తల తిప్పుకునే అలవాటు నాకు లేదు.

"ఇదేం స్విమ్మింగ్ పూల్ అండీ? నీళ్లు చచ్చినట్టు పడున్నాయి. మోటారు పెంచమంటే పెంచరు. నేను ఈతకొచ్చానా, స్నానానికొచ్చానా?"

"ఈ గంట మోటారు ఇంతేనండీ. తలుపు మీద రాసి పెట్టాం కదా."

"ఈ ముసలాళ్ల కోసం నీళ్లు ఆపేస్తారా?"

"ఆపలేదు, నెమ్మది చేశాం. వాళ్లు ఇవాళే మెట్ల పక్క కడ్డీ వదలడం నేర్చుకుంటున్నారు. మీరు చెయ్యి విసిరినప్పుడల్లా వాళ్ల గడ్డాల దాకా అల వస్తోంది."

"అల కూడా తట్టుకోలేనిది ఈతే కాదు."

మా ఆడపడుచు నవ్వింది. ఆ నవ్వు చూడగానే నేను కాళ్లు ముడుచుకుని తీరిగ్గా కూర్చున్నాను. ఎదుటివాడి పని అయిపోయిందని నాకు తెలుసు.

"సరే, మీకు ఈత బాగా వచ్చు కదా. వెల్లకిలా పడుకోండి. చెయ్యి కదపకూడదు, కాలు కదపకూడదు. మా దర్జీ ఆవిడ కూడా పక్కనే పడుకుంటుంది. ఎవరు ముందు మునిగితే వాళ్లు నోరు మూసుకోవాలి. మీరు గెలిస్తే మోటారు ఇప్పుడే పూర్తిగా వేయిస్తా."

"నన్నెందుకు లాగుతారు టీచరు గారూ?" అని దర్జీ ఆవిడ గొణుగుతూనే పడుకుంది. ఆవిడ వచ్చిన కొత్తలో మెట్టు దిగడానికే ఏడ్చింది. ఇప్పుడు పరుపు మీద పడుకున్నట్టు పడుకుని, పైకప్పు వైపు చూస్తోంది. ఆ మహానుభావుడు కూడా పడుకున్నాడు. ముందు కాళ్లు కిందికి దిగాయి, ఇనప కడ్డీల్లా. తర్వాత నడుం. తర్వాత ముక్కు. దగ్గుకుంటూ, చేతులు కొట్టుకుంటూ లేచాడు.

"అయిపోయిందా? ఇంకా పడుకోవాలా?" అని దర్జీ ఆవిడ కప్పునే అడిగింది.

ఆయన తువ్వాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాం. మర్నాడు అదే గంటకి వచ్చి, భయపడే వాళ్ల వరసలో చివర నిలబడి, "నాకు ఆ పడుకోవడం నేర్పండి" అన్నాడు. అప్పటి నుంచి ఆయన్ని మేమంతా మొసలి అంటాం. ఎదురుగానే అంటాం. ఆయనేమీ అనుకోడు.

ఆ పేటలో మా ఆడపడుచుని నిదానం టీచరు అంటారు. పాఠం మొదలైన దగ్గర నుంచి అయ్యేదాకా నోట్లో ఆ మాటే నలుగుతుంది. నిదానం, చెయ్యి వదులు, నిదానం, ఊపిరి తీసుకో. ఆ నిదానమంతా నీళ్లలోనే. ఒడ్డెక్కితే నిప్పు. కూర ఉడకడం ఆలస్యమైనా పొయ్యితో పోట్లాడే రకం. మా ఆయనకి చెల్లెలు కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది, వేరేవాళ్లు అంటే ఊరుకోను.

ఆవిడ ఈతలో పుట్టి పెరిగిన మనిషేం కాదు. వయసులో ఉన్నప్పుడు లాండ్రీలో ఇస్త్రీ చేసేది. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు, ఒకదాని మీద ఒకటి కొండలా పేర్చి ఉండేవి. పొద్దస్తమానం ఆవిరి పెట్టె పట్టుకుని నిలబడి నిలబడి నడుం పోయింది. మంచం దిగాలంటే ఒక పక్క నేను, ఒక పక్క మా ఆయన. నీళ్లలో నడిస్తే నడుం తేలికపడుతుందని ఎవరో చెబితే ఈ కొలనుకి తీసుకొచ్చాం. ఒక పాత భవనం వెనక, పైన రేకుల కప్పుతో ఉంటుంది ఇది. నాలుగు గోడలు, గోడలకి లేత నీలం పలకలు, ఒక మూల మోటారు గది, దాని పక్కన బట్టలు మార్చుకునే గదులు.

అప్పట్లో ఇక్కడ మెడలో ఈల వేసుకున్న మాస్టారు ఒకాయన ఉండేవాడు. భయపడే వాళ్ల వెనక చేరి ఒక్క తోపు తోయడమే ఆయన చదువంతా. మా ఆడపడుచునీ తోశాడు. నడుం నొప్పి మనిషని కూడా చూడలేదు. మునిగి, నీళ్లు మింగి, ఎలాగో కడ్డీ దొరకబుచ్చుకుని పైకొచ్చింది. నేను చెప్పు తీశాను కూడా. ఆవిడ నన్ను ఆగమని చెయ్యి చూపించి, ఆయనతో ఒకటే మాట అంది.

"తోశారు, సరే. ఇక నేను రోజూ వస్తా. ఇంకొకరిని తోస్తే ఊరుకోను."

అన్నంత పనీ చేసింది. రోజూ వచ్చి ఒక మూల నడిచేది, తనకు తానే తేలడం నేర్చుకుంది, ఈదడం నేర్చుకుంది. ఆయన ఎవరి వెనక చేరినా ఈవిడ నీళ్లలోంచి "మాస్టారూ" అని ఒక్క కేక. అందరూ తిరిగి చూసేవాళ్లు. పాపం, ఎన్నాళ్లని భరిస్తాడు, వేరే చోట ఉద్యోగం చూసుకుని పోయాడు. కొలను యజమాని తల పట్టుకుని, "నా మాస్టార్ని వెళ్లగొట్టావు, ఇక నువ్వే నేర్పమ్మా" అన్నాడు. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. కొన్నాళ్లకి ఆయన వయసైపోయి కొలను తాళాలన్నీ ఆవిడ చేతిలోనే పెట్టేశాడు.

ఆవిడ పెట్టిన రూలు ఒకటే. పాఠం జరిగేటప్పుడు నీళ్లు కదలకూడదు. భయం ఉన్నవాళ్లకి నీళ్లు కాస్త నెట్టినా ఎవరో వెనక నుంచి తోసినట్టే ఉంటుందట. మోటారు నడుస్తుంటే గోడల్లో ఉన్న కన్నాల నుంచి శుభ్రమైన నీళ్లు కొలనులోకి దూసుకొస్తాయి. ఆ తాకిడికే కొందరు కడ్డీకి బల్లుల్లా అతుక్కుపోయేవాళ్లు. అందుకని మా ఆయన్ని పట్టుకుంది.

మా ఆయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి దిగిపోయాడు. మోటారు గదిలో ఒక కంట్రోల్ బోర్డు పెట్టించాడు. బోర్డు కంపెనీదే, దానికి చెల్లెలి పాఠాలు నేర్పింది మాత్రం ఈయన. పొద్దున మోటారు తనంతట తనే గట్టిగా తిరుగుతుంది. పాఠం వేళకి తనే నెమ్మదిస్తుంది, కన్నాల్లోంచి నీళ్లు వస్తున్నాయో లేదో తెలియనంతగా. హీటరు, లైట్లు, అన్నీ దాని చేతిలోనే. మా పిల్లల పుట్టినరోజులు గుర్తుండవు కానీ ఆ బోర్డులో ఏ వైరు ఎక్కడికి పోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఫోన్లో మనవళ్ల ఫొటోల కంటే దాని ఫొటోలే ఎక్కువ.

అంతా బాగుంది అనుకుంటుండగా మా ఆడపడుచుకి దగ్గు మొదలైంది.

కొలను నీళ్లలో క్లోరిన్ పొడి కలపాలి, లేకపోతే రోగాలు. రోజూ పొద్దున్నే ఆ పొడి డబ్బా మూత తీసి, కొలిచి, బకెట్లో కలిపే పని ఆవిడే చేసేది. ఇంకొకరిని నమ్మదు. మోటారు గదికి ఉన్నది ఒక్క చిన్న కిటికీ. మూత తీయగానే ముక్కు పగిలిపోయే వాసన. ఇన్నేళ్లూ అది పీల్చి పీల్చి, చివరికి ఛాతీలో ఈల వేసినట్టు శబ్దం. పాఠం మధ్యలో దగ్గు తెర వచ్చి, నేర్చుకునే వాళ్లే ఈవిడని కడ్డీ దగ్గరికి చేర్చిన రోజు నేను ఆస్పత్రికి లాక్కెళ్లాను.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వీపు మీద గొట్టం పెట్టి విని, "ఆ పొడి ఉన్న గదిలోకి మీరు వెళ్లకూడదు. అది ఉన్న చోటే ఉండకూడదు. ఇంకోసారి ఇలా వస్తే అసలు పూల్ దగ్గరికే పంపను" అంది.

"నీళ్లు మానేయమంటారా?"

"పొడి మానేయమంటున్నా. అది కుదరకపోతే నీళ్లు."

బయటికొచ్చాక ఆవిడ ఆటో అబ్బాయి అడిగినంతా ఇచ్చేసింది. ఆవిడ బేరమాడకుండా డబ్బులివ్వడం నేను చూడటం అదే మొదలు. నాకు నచ్చలేదు.

పొడి పని మా ఆయనకి అప్పగించి చూశాం. ఆయన వైర్లకి పనికొచ్చినట్టు పొడికి పనికిరాడు. బకెట్టు మెట్ల దగ్గరే కుమ్మరించాడు. ఆ రోజు దర్జీ ఆవిడ వేసుకొచ్చిన ముదురు ఊదా రంగు ఈత బట్టలు ఒక పక్క తెల్లబడిపోయాయి. "నా చేత్తో కుట్టుకున్నానండీ" అని ఆవిడ అంటుంటే ఈయన గోడ వైపు చూశాడు. పైగా డబ్బా గదిలో ఉన్నంత కాలం ఆ గాలి హాల్లోకి వస్తూనే ఉంది, దగ్గు తగ్గనేలేదు.

అప్పుడు ఉప్పు మిషను మాట ఎత్తింది మా ఆడపడుచే. ఎక్కడో విందట.

"ఉప్పు నీళ్లా? కళ్లు మండవూ? సముద్రంలో ఈదినట్టు ఉండదూ?" అన్నాడు మొసలి.

"కన్నీళ్లలో ఉన్నంత ఉప్పు కూడా ఉండదు."

"మరి ఆ మాత్రం ఉప్పుకి పురుగులెలా చస్తాయి?" అని నేను అడిగాను. ఎవరూ అడగనివి అడగడానికే నన్ను పక్కన పెట్టుకుంటారు.

"ఉప్పు చంపదు వదినా. గొట్టంలో ఒక పెట్టె బిగిస్తారు, అందులో లోహపు పలకలుంటాయి. ఉప్పు నీళ్లు వాటి మధ్య నుంచి పోయేటప్పుడు కరెంటు తగిలి అక్కడికక్కడే క్లోరిన్ తయారవుతుంది. పని అయ్యాక మళ్లీ ఉప్పే."

"అంటే క్లోరిన్ పోదన్నమాట. మరి ఇంత హడావుడి ఎందుకు?"

"క్లోరిన్ పోదు. డబ్బా పోతుంది. మూత తీస్తే ముక్కులో కొట్టే ఆ గాలి పోతుంది. నాకు కావాల్సింది అంతే."

మర్నాడే నేనూ, మా ఆయనా, ఆడపడుచూ మిషన్లు అమ్మే ఆయన దగ్గరికి వెళ్లాం. దుకాణం నిండా గొట్టాలు, మోటార్లు, గోడకి వేలాడదీసిన నీలం రంగు పైపులు. ఆయన టీ తెప్పించాడు. టీ తెప్పించే వాళ్ల దగ్గర నేను ఒకటికి రెండు సార్లు జాగ్రత్తగా ఉంటాను. ముందు అన్నిటికంటే మెరిసేదాన్ని చూపించాడు.

"ఇది తీసుకోండి మేడం, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

"కళ్లు తెరిచే తీసుకుంటా. మా బోర్డుతో కలుస్తుందా?"

"ఇది దీన్ని చేసిన కంపెనీ బోర్డుతోనే పని చేస్తుంది. మీ పాతది తీసేయాల్సి వస్తుంది. ఏముంది, కొత్తది వస్తుంది కదా."

మా ఆయన టీ కప్పు కింద పెట్టాడు. ఎవరో ఇంట్లో పెద్దవాళ్లని బయటికి పంపమన్నట్టు చూశాడు.

"ఆ బోర్డు తీసేది లేదు. మా పాఠాలన్నీ దాంట్లో ఉన్నాయి. వేరేది చూపించండి" అంది ఆడపడుచు.

ఆయన ఇంకొకటి తెచ్చాడు. "ఇదైతే ఏ బోర్డుతోనైనా కలుస్తుంది."

"కలుస్తుంది అంటే? రెండూ మాట్లాడుకుంటాయా, లేకపోతే ఊరికే పక్కపక్కన నిలబడతాయా?"

ఆయన నవ్వాడు. పాపం, మంచివాడే, అబద్ధం చెప్పలేదు. "మాట్లాడుకోవు మేడం. మోటారు వేస్తే ఇది లేస్తుంది, ఆపితే ఆగుతుంది. అంతవరకే."

"మొగుడు లేస్తే లేచి, పడుకుంటే పడుకునే రకం" అన్నాను నేను. "అలాంటిది మా ఇంట్లో ఇమడదు."

"నువ్వుండవే" అన్నాడు మా ఆయన.

ఆడపడుచు వివరంగా చెప్పింది. ఇవాళ జనం ఎక్కువ వచ్చారు, కాస్త ఎక్కువ తయారు చేయమని బోర్డు ఆ మిషనుకి చెప్పగలగాలి. ఉప్పు తగ్గింది, పలకలకి సున్నం పట్టింది అని మిషను బోర్డుకి తిరిగి చెప్పగలగాలి. మా కొలనుకి సరిగ్గా సరిపోయేది వద్దు, ఒక మెట్టు పెద్దది కావాలి, ఎప్పుడూ ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టి పని చేసేది తొందరగా పోతుంది. ఆ మాట అన్నప్పుడు లాండ్రీ గుర్తొచ్చిందేమో, తన నడుం మీద చెయ్యి వేసుకుంది.

మా ఆయన ఫోన్లో బోర్డు ఫొటోలు ఒక్కొక్కటీ చూపించాడు. ఆ దుకాణం ఆయన కళ్లజోడు పెట్టుకుని, వైర్లు తగిలించే చోటు చూసి, ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని, లోపలి నుంచి మూడో మిషను తెచ్చాడు. చూడటానికి ఏమంత బాగాలేదు. కానీ మా బోర్డు మాట వింటుంది, తిరిగి మాట చెబుతుంది. ఆ రెండు కంపెనీలకీ పొత్తు ఉందట. చిన్న పలక ఒకటి బోర్డులో గుచ్చితే చాలట. మా ఆయన దాన్ని మళ్లీ మళ్లీ అడిగి, గుచ్చే చోటు వేలితో తడిమి చూసి, సరేనన్నాడు. ఆడపడుచు అదే తీసుకుంది.

దుకాణం మనుషులు వచ్చి గొట్టం కోసి బిగించారు. మెట్ల దగ్గర ఉన్న పాత ఇనప కడ్డీ ఉప్పుకి తుప్పు పడుతుందని అది కూడా మార్పించింది. ఉప్పు మూటలు నేనూ మొసలీ కలిసి నీళ్లలో పోశాం. పోశాం అంటే, ఆయన పోశాడు, ఎక్కడ పోయాలో నేను చెప్పాను. పొడి డబ్బాలు బయటికి పోయాయి. బోర్డు మీద కొత్త గీత ఒకటి వెలిగింది, మిషను పని చేస్తోందని. మా ఆయన దాని ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆడపడుచు మోటారు గదిలోకి వెళ్లి గట్టిగా ఊపిరి పీల్చి, దగ్గకుండా బయటికొచ్చింది.

కొన్నాళ్లకే నీళ్లు మొహం మాడ్చాయి.

రోజూ గాజు గొట్టంలో కాసిని నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తుంది ఆవిడ. క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది. సాయంత్రం పాఠం అయ్యాక వేస్తే రంగే రాలేదు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. మర్నాడూ అంతే. కొలను అడుగు పలకలు మసగ్గా కనిపిస్తున్నాయి. ఆవిడ అప్పటికప్పుడు తలుపుకి కాగితం అంటించి పాఠాలు ఆపేసింది.

మా ఆయన దుకాణానికి ఫోన్ చేసి మిషను చెడిందన్నాడు. ఆయన వచ్చి, చూసి, మిషను బంగారంలా ఉంది, మీ బోర్డే పాతదై మతి తప్పిందన్నాడు. బోర్డుని అంటే మా ఆయనకి కొడుకుని అన్నట్టే. ఇద్దరూ మోటారు గదిలో గొంతులు పెంచుకున్నారు. బోర్డు చూస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేస్తోందనే గీత వెలుగుతోంది. వాళ్లున్నంత సేపూ మిషనూ పచ్చ లైటుతో చక్కగా పని చేస్తోంది. నీళ్లలో మాత్రం ఏమీ లేదు.

దుకాణం ఆయన వెళ్లాక మా ఆయన గొంతు తగ్గించి, "ఈ లోగా పాత పొడి ఒక డబ్బా తెప్పిస్తా. నాలుగు రోజులు, అంతే. నేనే కలుపుతా, నువ్వు గదిలోకి రావద్దు" అన్నాడు.

"ఆ డబ్బా గుమ్మం దాటి లోపలికొస్తే నేను గుమ్మం దాటి బయటికెళ్తా అన్నయ్యా. డాక్టరమ్మ చెప్పింది వినలేదా? ఈ మిషను పని చేస్తే ఉంటా. చేయకపోతే తాళాలు యజమానికి ఇచ్చేస్తా. మధ్యలో ఇంకోటి లేదు."

ఆ మాట కోపంగా అనలేదు. అందుకే అది బెదిరింపు కాదని నాకు అర్థమైంది.

మర్నాడు సాయంత్రం నేను ఆ హాల్లోనే ఉన్నాను. జనం లేరు. ఎవరో తడి కాళ్లతో నడిచిన మరకలు కనిపిస్తే తుడుద్దామని మోటారు గదిలో ఉన్న తుడుపు కర్ర కోసం తలుపు తీశాను. మామూలుగా పాఠం వేళల్లో ఆ తలుపు ఎవరూ తీయరు. తీస్తే కిర్రుమంటుంది, మోటారు చప్పుడు హాల్లోకి వస్తుంది, నీళ్లలో ఉన్నవాళ్లు బిగుసుకుపోతారని ఆడపడుచు రూలు. అందరికీ ఎంత అలవాటైందంటే, పాఠాలు ఆగిపోయినా ఆ గంటలో మా ఆయన కూడా ఆ తలుపు జోలికి పోలేదు. పాఠమే లేనప్పుడు నాకు రూలేమిటి. తీశాను. మిషను మీద పచ్చ లైటు లేదు. ఎర్ర లైటు ఉంది.

వెళ్లి మా ఆయనతో చెప్పాను. "మీ మిషను పడుకుంది."

"బోర్డులో ఆన్ అని చూపిస్తోంది. నీకు తెలియదు, ఊరుకో."

"బోర్డులో ఏముందో నాకనవసరం. మిషను మీద ఎర్ర లైటుంది. ఎరుపేదో పచ్చేదో చూడటానికి నాకు చదువు అక్కర్లేదు."

ఆయన కదల్లేదు. కదిలింది ఆడపడుచు. వెళ్లి చూసింది. గొట్టం మీద చెయ్యి వేసింది, చాలాసేపు ఉంచింది. తర్వాత గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. మతి పోయిందేమో అనుకున్నాను.

"అన్నయ్యా, ఇటు రా. ఇది పాఠం గంట. మోటారు నెమ్మదిగా తిరుగుతోంది. గొట్టంలో నీళ్లు పారడమే లేదు."

అప్పుడు ఆయన మొహం చూడాలి. ఆ మిషనులో చిన్న రెక్క ఒకటి ఉంటుందట. నీళ్లు గట్టిగా పారితే ఆ రెక్క లేస్తుంది, మిషను పని చేస్తుంది. పారకపోతే రెక్క వాలిపోతుంది, మిషను ఆగిపోతుంది. కదలని నీళ్లలో క్లోరిన్ తయారైతే ప్రమాదమని అలా పెట్టారట. బోర్డు పని చేయమని ఆజ్ఞ ఇస్తూనే ఉంది, ఆ ఆజ్ఞ ఇచ్చానన్న సంగతినే గీతగా చూపిస్తోంది. ఉప్పు సంగతీ సున్నం సంగతీ తిరిగి చెప్పే మిషను, నీళ్లు పారడం లేదన్న సంగతి మాత్రం బోర్డుకి చెప్పదట. పొద్దున కొంత, సాయంత్రం కొంత, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పుల వాళ్లకి కొంత, పాఠాలు పెరిగి పెరిగి రోజులో సగం పైగా మోటారు నెమ్మదిలోనే ఉంటోంది. మనుషులు నీళ్లలో ఉన్నంత సేపూ మిషను నిద్రలో ఉంది.

"వైర్ల గురించి అన్నీ అడిగాం, నీళ్ల గురించి ఒక్క మాట అడగలేదు" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

దుకాణం ఆయనకి ఫోన్ చేస్తే తేలిగ్గా చెప్పేశాడు. ఆ నెమ్మది గంటలు ఎత్తేయండి, మోటారు మామూలుగా తిప్పండి, సమస్యే ఉండదన్నాడు. ఆవిడ "ఆ గంటలు ఎత్తేస్తే నేనెందుకండీ ఇక్కడ" అని ఫోన్ పెట్టేసింది.

తర్వాత పని మొదలైంది. నేను చూసిన వాటిలో మా ఆయనా, ఆయన చెల్లెలూ అంత ముచ్చటగా పని చేసింది అదే. ఆయన బోర్డు దగ్గర, ఆవిడ మిషను దగ్గర. మోటారు వేగం కాస్త పెంచుతాడు. "ఎరుపే" అంటుంది. ఇంకాస్త పెంచుతాడు. "ఎరుపే. నిదానం అన్నయ్యా, గుర్రాన్ని తోలినట్టు తోలకు." ఇంకాస్త. లైటు పచ్చబడి, మళ్లీ ఎర్రబడి, పచ్చగా నిలబడింది. అంతకంటే తక్కువైతే రెక్క లేవదు. అక్కడే ఆపేశారు. మొసలి నీళ్లలోకి మునిగి, గోడల్లోని కన్నాల మూతులు ఒక్కొక్కటీ కిందికి, నేల వైపు తిప్పాడు. నీళ్ల తాకిడి మనుషులకి తగలకుండా అడుగుకి పోవాలని. ఆవిడ ఒడ్డున నిలబడి ఇటు అటు అని చెయ్యి తిప్పుతుంటే, ఆయన పైకొచ్చి చూసి మళ్లీ మునిగేవాడు.

రెండు రోజులు అలాగే తిప్పాక గాజు గొట్టంలో పసుపు రంగు వచ్చింది. అడుగు పలకలు మళ్లీ తళతళలాడాయి. నేను పాఠాలు ఎప్పుడు మొదలని అడిగితే ఆవిడ ముందు తను దిగి చూడాలంది.

ఆ సాయంత్రం ఆవిడ నీళ్లలోకి దిగింది. మెట్ల దగ్గర, కడ్డీ పక్కన, కొత్తవాళ్లు నిలబడే చోట కళ్లు మూసుకుని నిలబడింది. "నీళ్లు నెడుతున్నట్టు నాకేమీ తెలియడం లేదు" అంది.

"నాకూ తెలియడం లేదు టీచరు గారూ. మంచిదే కదా" అన్నాడు పక్కనే నీళ్లలో ఉన్న మొసలి.

"ఏం మంచిది? మనకి ఎలా తెలుస్తుంది, మనకి భయం లేదుగా. దర్జీ ఆవిడకీ లేదిప్పుడు. కొత్తవాళ్ల మీద ప్రయోగం చేయను. చెప్పకుండా ఏదీ చేయనని నేర్చుకునే వాళ్లందరికీ మాటిచ్చా, ఇన్నేళ్లలో తప్పలేదు. నెట్టినట్టుంటే ఈ మిషను తిరిగి పంపాల్సిందే, మోటారు ఇంతకంటే నెమ్మదిస్తే ఇది పని చేయదుగా."

"మరి ఎవరు చూసి చెప్పాలి?" అన్నాడు మా ఆయన బోర్డు దగ్గర నుంచి.

ఆవిడ నీళ్లలో నడుచుకుంటూ నా బెంచీ ఎదురుగా వచ్చి ఆగింది. కొలను గట్టు మీద మోచేతులు ఆనించి నా వైపు చూసింది. ఆ హాల్లో ఆ బెంచీ మీద నేను కూర్చున్నన్ని గంటలు ఇంకెవరూ కూర్చోలేదు. నేను నీళ్లలో పాదం పెట్టగా ఎవరూ చూడలేదు కూడా. తుడుపు కర్రతో మూడడుగుల దూరంలోనే ఆగిపోతాను. ఎవరైనా అడిగితే జలుబు చేస్తుందంటాను. అందరూ నమ్ముతారు, ఆవిడ తప్ప.

"వదినా" అంది.

"ఏమిటి?" అన్నాను.

"నీ అంత భయం ఈ పేటలో ఎవరికీ లేదు. అందుకే నిన్నే అడుగుతున్నా. దర్జీ ఆవిడ నీకు కొత్త బట్టలు కుట్టి గదిలో పెట్టింది. మార్చుకుని రా. రెండు మెట్లు దిగు చాలు, కడ్డీ పట్టుకో, నీ రెండో చెయ్యి నేను పట్టుకుంటా. నువ్వు వదలమనేదాకా వదలను. కాసేపు అలా నిలబడి, నీళ్లు నిన్ను తోస్తున్నట్టు ఉందో లేదో చెప్పు. తోస్తోంది అన్నావంటే రేపే మిషను తిరిగి పంపించి తాళాలు ఇచ్చేస్తా, నిన్ను పల్లెత్తు మాట అనను. నా మొహం చూసి మాత్రం చెప్పకు. కాళ్లకి ఎలా ఉంటే అలాగే చెప్పు."